వైద్యమునకు విలువ కట్టుట యెట్లు?

అంగడికి బోయి కందిపప్పు కొనునపుడు మనము ధర మాత్రమే యడిగి యూరకుండము. పప్పును చేతబట్టి చూతుము. పుచ్చు పట్టినదేమో పరికింతుము. చక్కగా నుడుకునా యని విచారింతుము. వండిన పిమ్మట రుచి లేకున్న మరల నా యంగడి గడప ద్రొక్కము. చీర కొన్నను, పాలు పోయించుకొన్నను ఇదియే పద్ధతి. ఇచ్చిన రూకకు తగిన ఫలము దక్కెనా యని చూచుకొనుట గృహిణికి సహజమైన విద్య.

అట్టి మనము వైద్యము విషయమున మాత్రము ఈ విద్యను మరచిపోవుచున్నాము. ఎన్ని సూదులు వేసిరి, ఎన్ని గ్లూకోసు సీసాలు ఎక్కించిరి, ఎన్ని పరీక్షలు వ్రాసిరి యని లెక్కించి, ఆ లెక్క పెద్దదైనచో మంచి వైద్యమే జరిగినదని తృప్తి పడుచున్నాము. రోగి లేచి తిరుగుచున్నాడా, పనికి పోగలుగుచున్నాడా, ఆ వ్యాధి మరల రాకుండునా, ఇల్లు అప్పుల పాలు గాకుండ నిలిచినదా యను ప్రశ్నలు వెనుకబడిపోవుచున్నవి.

ఇందు తప్పు మనదే యని చెప్పజాలము. వైద్యశాలలకు సొమ్ము ముట్టు పద్ధతియు అట్లే యున్నది. పరీక్ష కొక ధర, శస్త్రచికిత్స కొక ధర, పడకకు దినమున కింత యని యున్నది గాని, రోగము రాకుండ కాపాడినందులకు ధర లేదు. రోగి కుదిరి మరల రానవసరము లేకపోయినచో అది వైద్యశాల లెక్కలో నష్టముగనే కనుపించును. ఏ పనికి వెల గట్టుదుమో ఆ పనియే పెరుగును, ఇది లోకధర్మము.

2006వ సంవత్సరమున అమెరికా దేశమున మైకేల్ పోర్టర్ అను వాణిజ్యశాస్త్ర పండితుడును, ఎలిజబెత్ టైస్‌బర్గ్ అను విదుషియు కలసి యొక గ్రంథమును ప్రకటించి, ఈ లెక్కను తిరుగవేయవలయునని వాదించిరి. చేసిన పనుల సంఖ్యను బట్టి గాక, రోగికి కలిగిన మేలును దానికై వ్యయమైన ధనముతో పోల్చి వైద్యమునకు విలువ కట్టవలయునని వారి మతము. ఆ మేలు ఒక్క నాటిది గాదు. వ్యాధి మొదలైన నాటి నుండి కుదిరిన నాటి వరకు గల త్రోవ యంతయు చూడవలయును. అట్లు చూడవలెనన్నచో ఒక్కొక్క వైద్యుడు తన ముక్కను తాను చూచి పంపివేసిన చాలదు. అందరును కలసి యొకే రోగిని, ఒకే లెక్కతో కనిపెట్టి యుండవలయును. దీనినే ఫలప్రధానమైన సమగ్ర వైద్యమని యిప్పుడు పండితులు పేర్కొనుచున్నారు. పేరు బరువైనది, విషయము మాత్రము ప్రతి యింటికిని దగ్గరిది.

ఒక యింటి కథ

బషీరాబాదు మండలము తాండూరునకు పొరుగున, కర్ణాటక సరిహద్దు నానుకొని యున్నది. 2016 అక్టోబరులో రంగారెడ్డి జిల్లా నుండి వేరుపడిన వికారాబాదు జిల్లాలో నిది చేరినది. తెలుగుతోబాటు కన్నడమును, ఉర్దూయు ఇచ్చట వినవచ్చును. తాండూరు సీమకు రెండు వస్తువులు పేరు దెచ్చినవి. ఒకటి మన యిండ్లలో పరచుకొను నాపరాయి, రెండవది కందిపప్పు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపును లభించినది.

ఈ సీమలో నొక కుటుంబమును మనస్సున నూహించుకొందము. ఇది యే యొక్క యింటి కథయు గాదు. చదువుచున్న సోదరి తన యింటినో, పొరుగింటినో ఇందు పోల్చుకొనినచో ఆశ్చర్యము లేదు.

ఆ యింట అత్తగారికి రక్తపోటును, మధుమేహమును కలవు. కుమారుడు రాతిని కోసి నునుపు చేయు కర్మాగారమున పనిచేయును. కోడలికి తొలిచూలు, ఏడవ నెల నడచుచున్నది. అత్తగారు తాండూరులో నొక వైద్యునికి చూపించుకొని నెల దినములు మాత్రలు వాడినది. తలనొప్పి తగ్గగానే “నొప్పి పోయినది గదా, ఇంక మందెందుకమ్మా?” యని కోడలితో చెప్పి మానివేసినది. కుమారునికి నెల దాటినను దగ్గు తగ్గలేదు. “దుమ్ములో పనిచేయువానికి దగ్గు రాక యేమి వచ్చును?” అని యనుకొని, ఊరి ఆర్.ఎం.పి. వద్ద ద్రావకము సీసాయు, సూదియు వేయించుకొని పనికి పోవుచున్నాడు. కోడలిని సీమంతమైన పిమ్మట సరిహద్దు కావలనున్న పుట్టింటికి కాన్పునకై తీసికొనిపోయిరి. ఆమె రక్తము, తూకము, రక్తపోటు వ్రాసిన తల్లీబిడ్డల కార్డు అత్తవారింటి పెట్టెలోనే యుండిపోయినది. అచ్చటి వైద్యురాలు ఆమెను క్రొత్తగా వచ్చిన మనిషిగా చూచి మరల మొదటి నుండి మొదలు పెట్టవలసి వచ్చినది.

చూడుడు! ముగ్గురికిని వైద్యము జరిగినది. ముగ్గురి చేతులలోను చీటీలు కలవు. ముగ్గురికిని డబ్బు ఖర్చైనది. కాని ఆ యింటిని చూచినవారు ఒక్కరును లేరు.

కుమారుని దగ్గు క్షయ యైనచో నేమగును? మధుమేహము గలవారికి క్షయ సోకు భయము తక్కినవారి కన్న రెండు మూడు రెట్లు ఎక్కువ; కావున మొదటి ప్రమాదము అత్తగారిది. చంటిబిడ్డతో తిరిగి రాబోవు కోడలిది రెండవది. ఆ బిడ్డది మూడవది. రాతి ధూళియందు సిలికా యను పదార్థము కలిసియున్నచో ఊపిరితిత్తులు గట్టిపడి క్షయకు మరింత సులభముగా లోబడును. రెండు వారములు మించిన దగ్గునకు కఫము పరీక్ష చేయింపవలయునన్న చిన్న మాటను సమయమునకు చెప్పువారు లేకపోవుటచే, ఒక్కని దగ్గు నలుగురి కష్టమగుచున్నది.

అనంతగిరి నేర్పిన పాఠము

వికారాబాదు చెంత అనంతగిరి కొండలపై నిజాము పాలనా కాలము నాటి క్షయ చికిత్సాలయమున్నది. మన పెద్దల కాలమున క్షయ యన్న కొండగాలి, పడక, పాలు, గ్రుడ్లు, నెలల తరబడి విశ్రాంతి యని యర్థము. రోగిని యింటి నుండి వేరుచేసి కొండకు పంపుటయే శ్రేష్ఠమైన వైద్యముగ నెంచబడెను. మందులు దొరకని దినములలో అంతకు మించి చేయగలిగినదియు లేదు. కాని అట్టి పడకలు ఎందరికి దొరకును? ఇంటి యజమానియే కొండపై నుండిన ఇల్లు గడచుటెట్లు?

1956లో మద్రాసున భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలసి యొక పరిశోధన కేంద్రమును స్థాపించినవి. పేద రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును చికిత్సాలయమున నుంచి, రెండవ జట్టునకు వారి యిండ్లలోనే, అవే మందులను, ఒక సంవత్సర కాలము ఇచ్చిరి. చికిత్సాలయము వారికి మంచి తిండియు, విశ్రాంతియు దొరకెను. ఇండ్లలోని వారికి ఇరుకు గదులు, కొరత తిండి. అయినను 1959లో ఫలితములు ప్రకటింపబడినపుడు రెండు జట్లును దాదాపు సమానముగనే కుదిరినవి. అంతకన్న ముఖ్యమైన సంగతి యేమనగా, ఇంట నున్న రోగుల వలన వారి కుటుంబములకు అధికముగ వ్యాధి సోకలేదని తరువాతి సంవత్సరముల పరిశీలనమున దేలినది.

ఈ పరిశోధన లోకమునందలి క్షయ చికిత్స నే మార్చివేసినది. ఇందలి కీలకమును గమనింపుడు. పడకకును, కొండగాలికిని విలువ గట్టలేదు; కుదిరిన వారెందరని లెక్కించిరి. లెక్కింపగా, నర్సు ఇంటికి పోయి మందు మ్రింగినదియు లేనిదియు చూచుకొను తక్కువ ఖర్చు పద్ధతి పెద్ద పద్ధతికి తీసిపోలేదని తెలిసినది. ఫలమును చూచువానికి గదా ఇట్టి నిజము కంటబడును!

ఇట్లు రోగి యింటికి రాగా, ఆ యింటి వంటగదియు చికిత్సలో భాగమైనది. జార్ఖండ్ రాష్ట్రమున 4 జిల్లాలలో 2019 మొదలు 2022 వరకు నొక పరిశోధన జరిగినది. క్షయరోగి కుటుంబములలో సగము వారికి రోగితోబాటు ఇంటివారి కందరికిని బియ్యము, పప్పు మున్నగు సరకులు ప్రతినెల యిచ్చిరి. తక్కిన సగమున రోగికి మాత్రమే యిచ్చిరి. 10,345 మంది కుటుంబసభ్యులను కనిపెట్టి చూడగా, ఆహారము ముట్టిన యిండ్లలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి 39 వంతులు తగ్గినదని 2023లో ప్రకటించిరి. పప్పు కూడ మందేనని మన యవ్వలు చెప్పిన మాటకు లెక్క దొరకినది. ప్రభుత్వము 2018 నుండి క్షయరోగికి పోషణ నిమిత్తము నెలకు 500 రూపాయలిచ్చుచుండి, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసినది. కందులు పండు సీమలో ఆ సొమ్ము పప్పుగా మారి రోగి కంచమునకు, ఇంటివారి కంచములకును చేరుచున్నదా యని చూచుట గృహిణి వంతు.

రక్తపోటు లెక్క

ఇక అత్తగారి సంగతి. రక్తపోటు మౌనముగా నుండు వ్యాధి. తలనొప్పి పోయినంత మాత్రమున అది పోదు. మందు మానిన వెంటనే బాధయు తెలియదు. ఒకనాడు పక్షవాతముగనో, గుండెపోటుగనో బయటపడును. కావున ఎందరికి మాత్రలు పంచితిమన్నది దీనికి లెక్క గాదు. ఎందరి రక్తపోటు అదుపున నున్నదన్నదే లెక్క.

2017లో మనదేశమున నారంభమైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమము ఈ లెక్కనే యవలంబించినది. మొదట 5 రాష్ట్రములలో 25 జిల్లాలను ఎన్నుకొనిరి. అందు తెలంగాణమొకటి, తక్కినవి పంజాబు, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్రములు. వారు చేసిన పనులు మిక్కిలి సామాన్యమైనవి. ఏ మందుతో మొదలుపెట్టి, తగ్గకున్న ఏ మందును చేర్చవలెనో వైద్యులందరకు నొకే క్రమము వ్రాసి యిచ్చిరి. మందులు కొరత పడకుండ చూచిరి. నెలకు సరిపడు మందును రోగి యింటికి దగ్గరనే యిచ్చిరి. రక్తపోటు కొలుచుట, పిలుచుట, వ్రాయుట యనునవి నర్సులకును, ఆరోగ్య కార్యకర్తలకును అప్పగించిరి. ప్రతి రోగికి నొక లెక్క తెరచి, కొన్ని నెలల పిమ్మట ఆతని రక్తపోటు 140కి 90కి లోపల నున్నదా లేదా యని చూచిరి. రానివారిని లెక్క నుండి తీసివేయలేదు. రాలేదని వ్రాసి, వారి కొరకు వెదకిరి. 2022 నాటికి ఈ కార్యక్రమము క్రింద చికిత్స పొందువారిలో దాదాపు సగము మందికి రక్తపోటు అదుపున నుండెను. ఆ యేడు ఐక్యరాజ్యసమితి పక్షమున దీనికి పురస్కారమును లభించినది.

సగమే గదా యని చప్పరింపవలదు. తక్కిన సగము మంది ఎవరో, ఏ యూరివారో, ఎన్నడు వచ్చి మానిరో తెలియుటయే ఇందలి గొప్ప. తెలిసినచో ఆశా కార్యకర్త తలుపు తట్టగలదు. తెలియనిచో ఆ అత్తగారి మాత్రలపెట్టె అట్లే అటకపై నుండిపోవును.

కాన్పు చోట లెక్క తప్పిన విధము

ఫలము చూడవలెనన్నంత మాత్రమున చాలదు; ఏ ఫలమును చూచుచున్నామో సరిగా నిర్ణయింపవలయును. కాన్పు విషయమున తెలంగాణము ఈ పాఠమును నేర్చినది.

2017 జూనులో ప్రభుత్వము కేసీఆర్ కిట్ అను పథకమును ప్రారంభించినది. ఆడబిడ్డ పుట్టిన 13,000 రూపాయలు, మగబిడ్డ పుట్టిన 12,000 రూపాయలు తల్లికి నాలుగు విడతలుగా నిచ్చుట నిర్ణయమైనది. గర్భవతి పరీక్షలకు వచ్చినపుడొకటి, సర్కారు దవాఖానాలో కాన్పైనపుడొకటి, బిడ్డకు మూడున్నర నెలల టీకాలు పూర్తియైనపుడొకటి, తొమ్మిదవ నెల టీకా వేయించినపుడొకటి. ఒక్కనాటి పనికి గాక, గర్భము నుండి టీకాల వరకు గల త్రోవ యంతటికిని వెల గట్టుట యిందలి మెచ్చదగిన సంగతి. తల్లులు సర్కారు దవాఖానాల వైపు మరలుట అప్పటికే ప్రారంభమై యుండెను. ఈ పథకము దానికి బలము చేకూర్చినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలను చూచినచో, సర్కారు దవాఖానాలలో కాన్పులు 2015-16లో నూటికి 30.5 యుండగా, 2019-21 నాటి సర్వేలో 49.7 అయ్యెను.

కాని అదే సర్వేలో మరియొక సంఖ్య కలదు. తెలంగాణమున జరిగిన కాన్పులలో నూటికి 60.7 కడుపు కోసి చేసినవే. ప్రైవేటు వైద్యశాలలలో 81.5, సర్కారు దవాఖానాలలో 44.5. దేశమంతట సగటు 21.5 మాత్రమే. జనసామాన్యమున నూటికి 10 మించిన తరువాత ఈ శస్త్రచికిత్స పెరిగినంత మాత్రమున తల్లుల, శిశువుల మరణములు తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపినది. అవసరమైన చోట సిజేరియన్ ప్రాణదానమే, దానిని నిందింపరాదు. అవసరము లేని చోట అది తల్లికి నొప్పి, ఖర్చు, తరువాతి కాన్పునకు భయము. అనగా కాన్పు ఎచ్చట జరిగినదో లెక్కించితిమి గాని, ఎట్లు జరిగినదో, తల్లి యెంత త్వరగా కోలుకొని బిడ్డకు పాలియ్యగలిగినదో చాలినంతగా లెక్కింపలేదు.

ఈ లోటు తీర్చుటకు తెలంగాణ ప్రభుత్వము ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సంస్థల తోడ్పాటుతో 2017లో కరీంనగరమున నర్సులకు 18 నెలల మంత్రసాని విద్యను నేర్పుట కారంభించినది. తల్లి చేయి పట్టుకొని, నడిపించి, ధైర్యము చెప్పి, సహజముగ కానుపగునట్లు కాచుకొనియుండుటయు, అపాయము కనుపించిన క్షణమున వైద్యురాలిని పిలుచుటయు వీరి పని. మన యవ్వల నాటి మంత్రసాని ఓర్పునకు నేటి శాస్త్రము తోడైనదని చెప్పవచ్చును.

గర్భసంచి విషయము ఇంతకన్న బాధాకరము. 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున సగటున నూటికి 3 మంది కాగా, ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను 8 మందికి మించిరి. తెల్లబట్టకో, నడుము నొప్పికో చిన్న వయస్సుననే యీ శస్త్రచికిత్సకు లోనైనవారెందరో! పనికి వెల యుండి ఫలమునకు లెక్క లేనిచో నేమి జరుగునో ఇది చెప్పుచున్నది. అనవసరముగ గర్భసంచులు తొలగించుటను అరికట్టవలయునని 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించినది.

బషీరాబాదున నెట్లు జరుగవలయును?

పై కథయందలి యింటికి మరల వత్తము. ఆ యింటికి సమగ్ర వైద్యము చేయవలెనన్న క్రొత్త భవనములు అక్కరలేదు. ఆశా కార్యకర్త, ఉపకేంద్రము నర్సు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, తాండూరు దవాఖానా, వికారాబాదు జిల్లా కేంద్రము అను మెట్లు ఏర్పడియే యున్నవి. 2021 జూనులో జిల్లాల యందు నెలకొల్పిన పరీక్షా కేంద్రములలో వికారాబాదుది యొకటి. ఊరి కేంద్రమున తీసిన రక్తమును అచ్చటికి పంపి ఫలితమును తెప్పించుకొను వీలు ఇందుచే కలిగినది. వికారాబాదున 2023లో సర్కారు వైద్య కళాశాలయు తెరువబడినది. మెట్లున్నవి; మెట్టునకును మెట్టునకును నడుమ మాట లేదు. అదియే కొరత.

ఈ మాట యెట్లు కలుపవచ్చునో కంటి వైద్యమున మన తెలుగువారే చూపించియున్నారు. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదున స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఊరిలో కళ్లు చూచువారిని, సుమారు 50,000 మంది కొక దృష్టి కేంద్రమును, 5 లక్షల మంది కొక శస్త్రచికిత్సా కేంద్రమును, పైన పెద్ద ఆసుపత్రిని మెట్లుగా నమర్చినది. ఆదిలాబాదు సీమయందలి ముధోలులో 1996లో నెలకొన్న కేంద్రము ఈ పద్ధతికి మొదటి మెట్టు. అద్దములతో తీరు పనికి పట్టణము పోనక్కరలేదు. పట్టణము పోవలసినవారు ఎచ్చటికి పోవలెనో తెలియక తిరుగనక్కరలేదు.

అట్లే బషీరాబాదున నాలుగు పనులు ముందుగా చేయవలయును. మొదటిది, వ్యాధి కొక పుస్తకము గాక ఇంటి కొక లెక్క. కుమారునికి క్షయ యని తేలిన నాడే అదే పుటలో అత్తగారి మధుమేహము, కోడలి గర్భము కనుపింపవలయును. ఇంటివారందరిని పరీక్షించి, తగినవారికి వ్యాధి రాకుండ మందు నీయవలయును. రెండవది, తిరుగు చీటీ. క్రింది కేంద్రము పైకి రోగిని పంపునపుడు చీటీ వ్రాయుట వాడుకయే. పై వైద్యుడు తాను చేసినది వ్రాసి క్రిందికి పంపుట యరుదు. ఆ చీటీ రానిదే రోగి ఇంటికి చేరినట్లు గాదు. మూడవది, సరిహద్దు దాటినను, పుట్టింటికి పోయినను వెంటవచ్చు కాగితము. 2021 నుండి దేశమంతట నిచ్చుచున్న ఆరోగ్య ఖాతా సంఖ్య యిందుకు కొంత తోడ్పడవచ్చును గాని, చేతనున్న కార్డు కన్న నమ్మకమైనది నేటికిని లేదు. నాలుగవది, నెలకొకసారి డాక్టరు, నర్సు, ఆశా కార్యకర్తలు కూర్చుండి, ఎందరిని చూచితిమని గాక ఎందరు బాగుపడిరని చెప్పుకొనుట: క్షయ పూర్తిగా కుదిరినవారెందరు, రక్తపోటు అదుపున నున్నవారెందరు, కాన్పైన తల్లులలో రక్తహీనత లేనివారెందరు, మధ్యలో మానినవారెవరు.

ఇందులో నొక అపాయమును మరువరాదు. ఫలమును బట్టియే మెప్పును, సొమ్మును ఇచ్చినచో, కుదురుట కష్టమైన రోగిని తప్పించుకొనవలెనను బుద్ధి కొందరికి పుట్టవచ్చును. ముసలివారిని, కూలికై వలసపోవువారిని, త్రాగుడు మానలేనివారిని చేర్చుకొననిచో లెక్క యందముగనే యుండును. న్యాయము మాత్రము చెడును. కావున రోగి ఏ స్థితిలో వచ్చెనో ముందుగా వ్రాసికొని, అందుండి ఎంత మేలు జరిగెనో చూడవలయును. కష్టమైన రోగిని కుదిర్చిన కేంద్రమునకే యెక్కువ గౌరవము దక్కవలయును.

మరియొక సంగతి. దినకూలి కొక దినము దవాఖానా వరుసలో నిలుచుటయే పెద్ద ఖర్చు. మందు ఉచితమే కావచ్చును. పోయిన కూలి, బండి చార్జి ఎవరిత్తురు? ఈ ఖర్చును లెక్కలో చేర్చనిచో విలువ కట్టినట్లే కాదు. ఒక్కనాడే, ఒక్కచోటనే అత్తగారి రక్తపోటు, కుమారుని కఫము, కోడలి రక్తము చూచి పంపగలిగిన కేంద్రమునకు ఆ యింటివారు తప్పక పోవుదురు.

గృహిణి చేయదగినది

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయుగాక. మన చేతనున్నదియు కొంత కలదు.

ఇంటిలోని చీటీలు, పరీక్షా పత్రములు, మందుల పేర్లు అన్నియు నొక గుడ్డసంచిలో నుంచుడు. ఒక్కొక్క మనిషికి నొక్కొక్క పుస్తకము కుట్టుడు. కోడలు పుట్టింటికి పోవునాడు చీరసారెలతోబాటు తల్లీబిడ్డల కార్డును మొట్టమొదట సంచిలో బెట్టుడు. రక్తపోటు మాత్రలను డాక్టరు చెప్పనిదే మానకుడు. రెండు వారములు మించిన దగ్గును దుమ్ము దగ్గని కొట్టివేయకుడు. ఆశా కార్యకర్త తలుపు తట్టినపుడు ఒక్కరి మాట చెప్పి పంపక, ఇంటిల్లిపాది సంగతి చెప్పుడు.

వైద్యుని యెదుట జంకక ఈ ప్రశ్నల నడుగుడు. ఈ చికిత్స వలన మాకు కలుగు మేలేమి? చేయకున్న నేమగును? ఇంతకన్న చిన్న ఉపాయము లేదా? మరల ఎప్పుడు, ఎవరికి చూపవలయును? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు; సంతోషించును. ముఖ్యముగా గర్భసంచి తీయవలెనన్నపుడు, ప్రాణాపాయము లేనిచో, రెండవ వైద్యురాలి మాట వినకుండ వ్రేలిముద్ర వేయకుడు.

కోడలు మూడవ నెలలో బిడ్డ నెత్తుకొని అత్తవారింటికి తిరిగి వచ్చుననుకొందము. గడపలో దిగునాటికి భర్త కఫమున క్షయక్రిములు లేవని తేలియుండవలయును. అత్తగారి రక్తపోటు అదుపున నుండవలయును. బిడ్డకు టీకాలు పడియుండవలయును. ఆమె తన కాళ్లపై నడచి వచ్చి, తన పాలు తాను ఇయ్యగలిగి యుండవలయును. ఎన్ని సూదులు వేసిరని ఆనాడెవ్వరు నడుగరు. ఆ గడపలో నలుగురు నవ్వుచు నిలిచిరా లేదా యన్నదే వైద్యమునకు విలువ. ఆ లెక్క వ్రాయగల పుస్తకము బషీరాబాదునను, ప్రతి యూరను తెరువబడునట్లు అడుగుట మన ధర్మము.